పర్చూరు డొంకల్లో ఫ్లోటింగ్ డిస్కు, ఒక మిరప కల్లం

పోయిన నెల నా ఆఫ్-రోడ్ బండి వెనక చక్రానికి ఫ్లోటింగ్ డిస్కు వేసుకున్నాను. వేసుకున్న దగ్గర్నుంచీ దాన్ని నల్లరేగడి నేల మీద నడిపి చూడాలని మనసు పీకుతూనే ఉంది. ఈ బ్లాగు చదివేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు, గుంటూరు వైపు నుంచి పర్చూరు దాకా డొంకల మీద వెళ్ళొచ్చా అని అడిగారు కూడా. డొంక అంటే తెలియనివాళ్ళ కోసం: పొలాల మధ్య ఎడ్లబండ్లూ ట్రాక్టర్లూ తిరిగే మట్టి బాట. రెండు పనులూ ఒకే రోజులో తేలిపోతాయని ఫిబ్రవరిలో ఒక ఆదివారం బయల్దేరాను. తిరిగొచ్చాక ఈ టపా రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ దారి గురించి రాసి, మిగతాది రాయకుండా లేచిపోయాను. దారి ఒక్కటే రాస్తే చదివేవాళ్ళు నన్ను మెచ్చుకుంటారు. అది నాకు ఇక అక్కర్లేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను గుంటూరులో వాహన బీమా సర్వేయర్‌ని. ప్రమాదం జరిగిన బండిని చూసి, డ్రైవరు చెప్పేదీ బండి మీది దెబ్బలు చెప్పేదీ కలుస్తున్నాయో లేదో తేల్చి రిపోర్టు రాయడం నా పని. ఇల్లు నల్లపాడు స్టేషనుకి దగ్గర్లో. బండి బెంగుళూరులో ర్యాలీలకు వెళ్ళే ఒకాయన దగ్గర కొన్న పాత విదేశీ బండి. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మా వీధిలో దాన్ని మిడత అంటారు. నాతో వచ్చినవాడు సుబ్బు. చిన్నప్పట్నుంచీ స్నేహితుడు, గుంటూరులో విత్తనాల కొట్లో పనిచేస్తాడు, ఈ పల్లెలన్నీ తిరిగినవాడు. వాడిది ఊళ్ళో అందరికీ ఉండే మామూలు వంద సీసీ బండి, వెనక డ్రమ్ము బ్రేకు. దాని మీదే నేను వెళ్ళిన ప్రతి చోటికీ వస్తాడు.

ఈ డిస్కు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మామూలు డిస్కు ఒకే ఉక్కు రేకు, చక్రానికి బోల్టులతో బిగించి ఉంటుంది. ఫ్లోటింగ్ డిస్కు రెండు ముక్కలు. లోపల అల్యూమినియం చట్రం, దాని చుట్టూ బ్రేకు పట్టే ఉక్కు వలయం. రెండింటినీ చొక్కా గుండీల్లాంటి చిన్న పిన్నులు కలిపి ఉంచుతాయి. ఆ గుండీల దగ్గర కావాలనే కాస్త వదులు పెడతారు. బ్రేకు వేసీ వేసీ ఉక్కు వేడెక్కి సాగినప్పుడు, సాగడానికి దానికి చోటు దొరుకుతుంది, వంకర తిరగదు. ఆ వదులు వల్లే బండి నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వెనక నుంచి టిక్ టిక్ అని సన్నగా చప్పుడొస్తుంది. తారు రోడ్డు మీద పరుగెత్తే బండ్లకు ఇది బాగా పనికొస్తుంది. మట్టిలో తిరిగే బండికి వెనక ఇది అవసరమా అన్నదాని మీద అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. బురద ఆ గుండీల సందుల్లో దూరి ఎండిపోతే వదులు పోతుంది, అప్పుడది మామూలు డిస్కు కన్నా అన్యాయం అని కొందరంటారు. ఈ మాట నాకు తెలుసు. తెలియడమే కాదు, పాత టపాలో ఒకాయన అడిగితే, బురద తగిలిన ప్రతిసారీ ఆగి కడుక్కోవాలి అని జవాబు కూడా రాశాను.

తెల్లవారక ముందే నల్లపాడులో బయల్దేరి, గుంటూరు ఊరి బయట నుంచి ఏటుకూరు వైపు తిరిగి, పాత మద్రాసు రోడ్డు పట్టుకున్నాం. ఆ వేళకి రోడ్డు మీద మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, వేసుకెళ్ళే లారీలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. లారీ వెనక మాత్రం వెళ్ళకండి, ఘాటుకి తుమ్మలేక చస్తారు. ప్రత్తిపాడు చేరేసరికి తెల్లగా వెలుతురొచ్చింది. బస్టాండు దగ్గర ఒక పాకలో ఇడ్లీ తిన్నాం. పది రూపాయలకు నాలుగు ఇడ్లీ, అల్లం పచ్చడి, అడిగితే కారప్పొడి మీద నెయ్యి. ఇడ్లీ వేసే పెద్దావిడ నా బండి ఆగుతున్నప్పుడు చెవి ఒగ్గి విని, వెనక చక్రంలో ఏదో ఊడిపోయేట్టుంది, చూపించుకోమంది. నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళి డిస్కుని పట్టుకుని ఊపి చూపించాను. ఇది ఊడిపోవడం కాదు, దీని గొప్పతనమే ఇది అని, వేడి గురించీ ఉక్కు గురించీ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. చుట్టూ తినేవాళ్ళు కూడా విన్నారు. ఆవిడ నవ్వి, నీ బండి నీకే తెలియాలిలే నాయనా అని ఇంకో రెండిడ్లీ వేసింది. ఆ ఉదయం నాకు నేను చాలా నచ్చాను.

పెదనందిపాడు దాటిన తరవాత తారు రోడ్డు వదిలేశాం. అక్కడి నుంచి పర్చూరు దాకా డొంకల్లోనే వెళ్ళొచ్చు, కానీ దారి అడుగుతూ వెళ్ళాలి, ఎందుకంటే కొన్ని డొంకలు ఎవరిదో పత్తి చేలో ఆగిపోతాయి. ఈ కాలంలో ఆ నేల చూడాలి. పత్తి ఆఖరి తీతకొచ్చి, ఎండిన కట్టె మీద అక్కడక్కడా తెల్లగా వేలాడుతూ ఉంటుంది. దాని పక్కనే మిరప చేలు, నేల కనపడకుండా ఎరుపు. చెట్టూ నీడా తక్కువ. ఎటు చూసినా ఆకాశం చాలా కిందికి దిగినట్టుంటుంది. ఎండిన రేగడి మీద నా బండి పొడవాటి కాళ్ళతో గెంతుకుంటూ పోతుంటే, సుబ్బు వెనక దుమ్ము తింటూ వస్తున్నాడు. మిట్టల దగ్గర ఆగి వాడి కోసం చూడటం కూడా నాకు సరదాగానే ఉంది.

ఒక చోట ఎవరో మిరపకు ఆఖరి తడి పెట్టుకుంటున్నారు. బోదె తెగి నీళ్ళు డొంకలోకి వచ్చేశాయి. రేగడి తడిస్తే ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. చక్రం లోపలికి దిగి, మట్టి ముద్దలుగా చుట్టుకుని, బండి రెండింతలు బరువైంది. సుబ్బు దిగి గట్టు మీద నుంచి నెమ్మదిగా తోసుకొచ్చాడు. నేను మాత్రం ఇందుకోసమే వచ్చానన్నట్టు మధ్యలోంచే లాగించాను. అవతల గట్టి నేల మీద ఆగి చూసుకుంటే వెనక చక్రం, గొలుసు, డిస్కు అన్నీ నల్లటి ఉండలా ఉన్నాయి. కర్రముక్కతో పైపైన గీకాను. అలవాటు కొద్దీ డిస్కుని ఊపి చూశాను. కదల్లేదు. గుండీల సందుల్లో మట్టి దిట్టంగా కూరుకుపోయింది.

సుబ్బు పక్కనున్న బోదె కాలవ చూపించాడు.

"ఒరేయ్, నీళ్ళు ఇక్కడే ఉన్నాయిగా. కడుక్కునే పోదాం. పొద్దున అంత చెప్పావుగా ఆవిడకి."

ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. ఎండ ముదరక ముందే పర్చూరు చేరాలి, అక్కడ కడుక్కుందాం, ఆలోపు దుమ్ములో అదే రాలిపోతుంది అన్నాను. ఎండిన రేగడి రాలదు, ఇటుకలా గట్టిపడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. వాడు నా మొహం చూసి తన బండి స్టార్టు చేశాడు.

అక్కడి నుంచి దారి సాగర్ పిల్లకాలవ కట్ట ఎక్కుతుంది. కట్ట మీద బాట బాగుంటుంది, రెండు వైపులా చేలు కనపడతాయి. కాకపోతే తూముల దగ్గర గుంటలు ఎక్కువ, మాటిమాటికీ బ్రేకు వేయాలి. నాకో చెడ్డ అలవాటు ఉంది, గుంటల దారిలో కుడికాలు బ్రేకు పెడల్ మీంచి తియ్యను. అలా కాలు ఆనించి నడుపుతూ పోతే డిస్కు వేడెక్కుతూనే ఉంటుంది. వదులుంటే సాగి సర్దుకునేది. మట్టి బిగిసిపోయి చోటు లేక వంకర తిరిగి, నేను నొక్కకపోయినా బ్రేకు ప్యాడ్లకు రాసుకుంటూ ఇంకా వేడెక్కింది. ఇదంతా సాయంత్రం విప్పి చూస్తే తెలిసింది. దారిలో మాత్రం కాలిన వాసన ఒకటి వచ్చింది. ఎవరో పత్తి కట్టె తగలబెడుతున్నారని సర్దిచెప్పుకున్నాను.

పర్చూరు ఇంకాస్త దూరం ఉందనగా కట్ట మీంచి కిందికి ఏటవాలుగా ఒక దిగుడు వచ్చింది. దిగిన చోట బాట కుడి వైపు తిరుగుతుంది. ఎడం పక్కన పెద్ద మిరప కల్లం, కాయలు ఆరబోసి కుప్పలు చేసే చోటు. పరదాల మీద ఎర్రగా పరిచి ఉంది, బాట వైపు ఒక కుప్ప. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. దిగుడుకి ఎదురుగా ట్రాక్టరు ట్రక్కు నిలబెట్టి ఉంది. ఇవన్నీ నేను తరవాత నిలబడి చూసినవి. దిగేటప్పుడు నాకు కనపడింది ఎరుపు ఒక్కటే. సగం దిగుడులో బ్రేకు నొక్కితే పెడల్ అడుగుదాకా దిగిపోయింది, కింద ఏమీ లేనట్టు. వేడికి లోపలి బ్రేకు ఆయిలు మరిగిపోతే అలాగే అవుతుంది. భయంతో క్లచ్ నొక్కేశాను, దాంతో ఇంజను పట్టు కూడా పోయి బండి ఇంకా జారింది. ముందు బ్రేకు బిగించి పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. దుమ్ములో ముందు చక్రం ఎడమకి జారి, బండీ నేనూ పక్కకి పడి, దొర్లుకుంటూ మిరప కుప్పలోకి వెళ్ళిపోయాం.

మిరపకాయల్లో మునిగితే ఎలా ఉంటుందో వర్ణించలేను. కళ్ళు, ముక్కు, మోచేతి మీద చెక్కుకుపోయిన చోటు, అన్నీ ఒకేసారి నిప్పులయ్యాయి. నన్ను ఎవరో చంకల కింద పట్టి లాగారు. నీళ్ళు పోశారు, మజ్జిగతో మొహం కడిగారు. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, అరుస్తున్నారు. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. తరవాత మాటలు విడివిడిగా వినపడ్డాయి. బిడ్డ బాగుంది. ఉయ్యాలకి ఏమీ కాలేదు. బండి సరిగ్గా దాని మీదికే పోతుంటే ఈ అబ్బాయి పక్కకి తిప్పేసి కుప్పలో పడ్డాడు.

ట్రాక్టరు ట్రక్కు కింద నీడలో చీరతో ఉయ్యాల కట్టి ఉందట. అందులో చంటిబిడ్డ. ఆ ఉయ్యాల ఉందని నాకు తెలియదు.

నేను ఆ మాట చెప్పాల్సింది అప్పుడే. నోరు మండుతోంది, ఊపిరి ఆడట్లేదు, నిజమే. కానీ కాదు అని తల అడ్డంగా ఊపడానికి నోరు అక్కర్లేదు. ఊపలేదు. కల్లం యజమాని హనుమంతరావు గారు, యాభై దాటిన మనిషి, నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి, "నాయనా, నీ కడుపు చల్లగా ఉండాలి. నువ్వు బండి తిప్పకపోతే ఈ పూట ఏమయ్యేదో" అన్నారు.  ఒక ముసలావిడ ఎవరినో, పోయి దణ్ణం పెట్టవే, నీ బిడ్డని నిలబెట్టాడు అని ముందుకి తోసింది. నా కాళ్ళ మీద రెండు చేతులు పడ్డాయి, గరుగ్గా, వేడిగా. కళ్ళు తెరవలేక ఆమె మొహం చూడలేదు. పర్వాలేదమ్మా అన్నాను. ఆ రోజు కల్లంలో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

సుబ్బు అప్పటికి బండి లేపి నిలబెట్టాడు. ట్యాంకు మూతలోంచి పెట్రోలు కారి కుప్పలో ఒక పక్క తడిసిపోయింది. పెట్రోలు వాసన పట్టిన కాయల్ని గుంటూరు మార్కెట్ యార్డులో ఎవరూ కొనరు. హనుమంతరావు గారు అది చూసి కూడా, పోతే పోయిందిలే, ప్రాణం కన్నానా అని మమ్మల్ని పాకలోకి భోజనానికి తీసుకెళ్ళారు. ఆయన భార్య నా మోచేతికి వెన్న రాసి, వేడన్నం, కందిపప్పు, గోంగూర పచ్చడి వడ్డించారు. నేను ముద్ద కలుపుతుంటే ఆయన సెల్ఫోనుకి సిగ్నల్ దొరికే మూల వెతుక్కుని, పర్చూరులో ఉన్న తమ్ముడికి జరిగింది చెబుతున్నారు. చెబుతూ చెబుతూ కథ పెరిగింది. నేను ఉయ్యాలని దూరం నుంచే చూశానట, కావాలని కుప్ప వైపు దూకానట.

నా ఉద్యోగంలో ఇలాంటి మాటలు వందలు విన్నాను. గేదె అడ్డొచ్చిందండీ, మనిషి అడ్డొచ్చాడండీ, తప్పించబోయి పడ్డామండీ. విని, బండి చుట్టూ తిరిగి, డ్రైవరు మాట నమ్మదగినదిగా లేదు అని రాసి సంతకం పెట్టి వస్తాను. వాళ్ళు ఎందుకలా చెబుతారో అనుకునేవాణ్ణి. నేనైతే నోరు తెరిచి అబద్ధం చెప్పే శ్రమ కూడా పడలేదు. వాళ్ళే చెప్పుకున్నారు, నేను పప్పన్నం తింటూ ఊరుకున్నాను.

అది అక్కడితో ఆగినా బహుశా ఊరుకునే వచ్చేసేవాణ్ణేమో. నిజంగా తెలియదు. పాక తడిక అవతల కూలీల మేస్త్రి గొంతు లేచింది. ఆ ముఠా మార్కాపురం వైపు నుంచి మిరప కోతలకు వచ్చింది. బిడ్డ తల్లి పేరు చెన్నమ్మ. దారికి ఎదురుగా ఉయ్యాల ఎవరు కట్టమన్నారని మేస్త్రి ఆమెని నిలదీస్తున్నాడు. నీ ఉయ్యాల వల్ల ఆ బండాయన కుప్పలో పడాల్సి వచ్చింది, రైతు సరుకు పాడైంది, రేపు ఇంకో కల్లానికి మమ్మల్నెవరు పిలుస్తారు, సాయంత్రం నువ్వు బస్సెక్కి ఊరికి పో అంటున్నాడు. చెన్నమ్మ మాట వినపడలేదు. మిగతా ఆడవాళ్ళెవరూ అడ్డం చెప్పలేదు. నీడ ఉన్నది ఆ ట్రక్కు కింద ఒక్కచోటే. అయినా తప్పు అక్కడే ఉన్నట్టు అందరికీ కుదిరిపోయింది, నేను మంచివాణ్ణి అయ్యాను కాబట్టి.

సుబ్బు చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు తిరిగి చాలా మెల్లగా అన్నాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఫోను పెట్టేసి హనుమంతరావు గారు లోపలికి వచ్చారు. మజ్జిగ పోయించుకో నాయనా అంటుంటే ఆయన్ని ఆపాను.

"నేను తిప్పలేదండి. బ్రేకు పడలేదు. ఉయ్యాల ఉన్నట్టే నాకు తెలియదు."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. "కంగార్లో నీకు గుర్తులేదేమో" అన్నారు.

"గుర్తుందండి. కళ్ళు మూసుకున్నాను. బండి అదే జారి కుప్పలో పడింది. పొద్దున బ్రేకులో మట్టి పట్టింది, కడుక్కోమని వీడు చెప్పినా వినకుండా వచ్చాను. ఆమె తప్పేం లేదండి ఇందులో."

 ఆయన భార్య చేతిలో మజ్జిగ చెంబు అలాగే ఉంది. హనుమంతరావు గారు నేల వైపు చూస్తూ, "భోంచెయ్యండి ముందు. మీరు ఆకలి మీద ఉన్నారు" అన్నారు. అప్పటిదాకా నన్ను నాయనా, నువ్వు అన్న మనిషి. 'మీరు' అన్న ఆ ఒక్క మాటతో నేను మళ్ళీ ఎవరో దారిన పోయేవాణ్ణయిపోయాను. తిట్టినా బాగుండేది. ఆయన బయటికి వెళ్ళి మేస్త్రికి చెప్పడం విన్నాను. ఉయ్యాల అక్కడ కట్టుకోమన్నది నేనే, ఆ పిల్లని ఏమీ అనకు, కోతలయ్యేదాకా ఉంటుంది అన్నారు. మేస్త్రి సణిగాడు కానీ ఒప్పుకున్నాడు. నా గురించి ఆయన ఏం చెప్పారో వినపడలేదు. కాసేపటికి ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి.

పాడైన సరుకుకి ఏదో ఒకటి ఇస్తానన్నాను. ఆయన ఆ మాట విననట్టే పక్కకి తిరిగారు. నేను ఇంకోసారి అడగలేకపోయాను. పోనీ పెట్రోలు తగిలిన కాయలన్నా మిగతావాటికి అంటకుండా ఏరి పక్కన పోస్తామంటే, మీ ఇష్టం అన్నారు. ఎండ దిగేదాకా నేనూ సుబ్బూ ఆ కుప్ప దగ్గర కూర్చుని వాసన చూసుకుంటూ ఏరాం. ఆడవాళ్ళు వాళ్ళ వరస వాళ్ళు ఏరుకుంటున్నారు. ఇందాక దణ్ణం పెట్టించిన ముసలావిడ నా వైపు చూడటం మానేసింది. వేళ్ళు, గోళ్ళ సందులు, మెడ, అంతా మంట. మొదట్లో ఆ మంట నాకు కాస్త ఊరటగా అనిపించింది, శిక్ష పడుతున్నట్టు. పక్కన అదే మంటలో తెల్లారినప్పట్నుంచీ కూర్చున్నవాళ్ళు ఏ తప్పూ చేయలేదని గుర్తొచ్చి ఆ ఊరట కూడా పోయింది.

చెన్నమ్మ బిడ్డకి పాలు పట్టడానికి ట్రక్కు దగ్గరికి వచ్చినప్పుడు మొదటిసారి ఆమె మొహం చూశాను. ఇరవై దాటి ఉండవు. క్షమాపణ చెప్పడానికి లేచాను. అమ్మా, ఇందాక నేను అని మొదలుపెట్టానో లేదో ఆమె అడ్డుకుంది.

"నాకు తెలుసు సారూ. నేను మీకు ఎదురుగానే కూచోనుంటి. మీ కళ్ళు మూసుకుని ఉన్నాయి."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె బిడ్డని చీర కొంగు కిందికి తీసుకుని పక్కకి తిరిగి కూర్చుంది.

"నేను చెప్తే ఎవరింటారు? బిడ్డని కాపాడినాయన్ని ఇట్లా అంటుందేందని నన్నే ఈసడిస్తారు." కోపం లేకుండా, ఉన్న సంగతి చెబుతున్నట్టు అంది. "మేస్త్రి అరుపులకేం, పడతానే ఉంటాం. మీరే తెలిసి తెలిసి నా చేత కాళ్ళకి దణ్ణం పెట్టించుకున్నారు."

  నిలబడ్డాను, ఆమె మళ్ళీ నా వైపు చూడలేదు, వచ్చి కుప్ప దగ్గర కూర్చున్నాను.

సాయంత్రం కాలవ నీళ్ళతో డిస్కు కడిగి, ఒక్కో గుండీ చుట్టూ స్క్రూడ్రైవరుతో మట్టి తవ్వితీశాం. వలయం నీలం రంగుకి తిరిగి, చక్రం తిప్పితే అటూ ఇటూ అల్లాడుతోంది. చల్లారాక పెడల్ కొంచెం లేచింది కానీ దాన్ని నమ్మలేదు. డొంకల జోలికి పోకుండా పర్చూరు తారు రోడ్డెక్కి, ముందు బ్రేకు ఒక్కటే వాడుకుంటూ, సుబ్బు బండి వెనక నెమ్మదిగా గుంటూరు వచ్చాం. పర్చూరు నుంచి గుంటూరుకి బస్సులు రాత్రి దాకా ఉంటాయి. బండి మరీ మొరాయిస్తే అక్కడే ఎవరింటి ముందన్నా పెట్టుకుని బస్సెక్కొచ్చు. బయల్దేరేటప్పుడు హనుమంతరావు గారికి చెప్పి వద్దామని పాక దగ్గరికి వెళ్ళాను. ఆయన టిక్కీలు కుట్టిస్తున్నారు. జాగ్రత్తగా వెళ్ళండి అన్నారు. అంతే.

ఇది రాసేటప్పుడు నాకు ఎక్కువ సిగ్గనిపించింది ఏ భాగమా అని చూసుకున్నాను. బ్రేకు కడుక్కోకపోవడం నిర్లక్ష్యం. దానికి ప్రాణం పోయేదే, పోలేదు, అది నా గొప్ప కాదు. పడ్డప్పుడు కళ్ళు మూసుకోవడం భయం, ఎవరైనా మూసుకుంటారేమో. ఆ తరవాత కళ్ళు మండుతూ కూర్చున్న ఆ కాసేపు మాత్రం నేను పూర్తి తెలివితో ఉన్నాను. నా గురించి అందరూ మంచిగా అనుకుంటుంటే అది ఎంత హాయిగా ఉందో నాకు గుర్తుంది. ఒక పిల్ల కూలిపని పోయేదాకా వస్తే తప్ప, అదీ పక్కవాడు అడిగితే తప్ప, ఆ హాయి వదులుకోలేదు. నిజం చెప్పాను కదా అని సుబ్బు ఒకసారి సర్దిచెప్పబోయాడు. చెప్పింది ఎవరికి? యజమానికి. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళి చెప్పాలో ఆమె దగ్గరికి ఆఖరున వెళ్ళాను, వెళ్ళి ఆమెనే ప్రశ్న అడిగాను. సొంతంగా ఒక్క మంచి పని చేయకుండానే ఒక పూట దేవుడిలా ఉండొచ్చని ఆ రోజు తెలిసింది. తెలియకుండా ఉంటేనే బాగుండేది.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సూచన. సంక్రాంతి వెళ్ళినప్పట్నుంచి ఎండలు ముదిరేదాకా పర్చూరు చుట్టుపక్కల కట్టలకీ డొంకలకీ ఆనుకుని కల్లాలు ఉంటాయి, వాటి అంచున ఎక్కడ కొంచెం నీడ ఉన్నా అక్కడ పసిపిల్లలు ఉంటారు. ఎరుపు కనపడగానే ఇంజను ఆపి, దిగి, బండిని నడిపించుకుంటూ దాటండి. ఎంత మంచి బ్రేకు ఉన్నా సరే. నడిచి వెళ్ళేవాడికి అక్కడున్న మనుషుల మొహాలు కనపడతాయి.